అరువు గొంతు

యాకోబు కొన్న టాబ్‌లో ఆడగొంతులు నాలుగున్నాయి.

పొద్దున్న ఇడ్లీ గిన్నెలు కడగడం అయ్యేక ఆయన వరండాలో నవారు మంచం మీద కూర్చుని, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క గొంతూ నొక్కి వినిపించేడు. నాలుగూ ఒకే మాట చెప్పేయి. "నమస్కారం. మీరు రాసినది నేను చదువుతాను."

మొదటిది వినగానే జీవరత్నం చెయ్యి అడ్డంగా ఊపింది. అది టీవీలో వార్తలు చదివే మనిషి. రెండోది బస్టాండులో బస్సుల వేళలు చెప్పే మనిషి. నాలుగోది పదో క్లాసు దాటని పిల్ల. మూడోది వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఊపలేదు. అలాగని తలా ఊపలేదు.

"ఇది పర్లేదు కదా," అన్నాడు యాకోబు. "కాస్త నెమ్మదైన మనిషిలా ఉంది. స్పీడు తగ్గిద్దాం. పిచ్ అని ఇంకోటుంది. దాన్ని కొంచెం కిందకి లాగితే గొంతుకి వయసొస్తుందంట. వీడియోలో చెప్పేడు."

ఆమె టాబ్ ఒళ్ళోకి తీసుకుంది. అంగన్‌వాడీలో పిల్లల బరువులూ ఎత్తులూ ఫోనులోకి ఎక్కించీ ఎక్కించీ అలవాటు పడిన వేలు. అక్షరాలు వెతుక్కోకుండానే కొట్టింది. మూడో గొంతు చదివింది.

"ఈ మనిషెవరో నాకు తెలీదండి."

యాకోబు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసేడు.

ఆమె మెడ మీది గుడ్డ సర్దుకుంది. చలికాలంలో కాకినాడలో ఆపరేషను చేసి స్వరపేటిక తీసేసినప్పట్నించీ ఆ గుడ్డ వెనకాల ఉన్న బెజ్జంలోంచే ఆమె ఊపిరి. మెడకి ఆనించుకుని మాట్లాడే మిషనొకటి డాక్టర్లు ఇచ్చేరు గానీ, రేడియేషను కరెంటు పెట్టిన చోట చర్మం గట్టిపడిపోయి అది పలకలేదు. ఇన్నాళ్ళూ పలకా సుద్దముక్కాతోనే గడిపింది. ఊళ్ళో పిల్లలందరి చేతా అక్షరాలు దిద్దించిన పలకే అది.

యాకోబు కువైట్‌లో బండి తోలినన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం ఫోనులో వినబడే ఆమె గొంతే ఆయనకి ఇల్లు. తీరా ఇల్లు చేరేక ఆ గొంతు లేదు. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆయన మాత్రం పొద్దున్న లేచింది మొదలు టాబ్ వాడకం నేర్పే వీడియోలు చూస్తాడు. చూసిన ప్రతి చిట్కా చేసి పెడతాడు. నెట్ లేకపోయినా పలికేలా గొంతుని టాబ్‌లోకి దింపేడు. మాట మధ్యలో తెర ఆరిపోకుండా కట్టడి చేసేడు. కీబోర్డు తనకి తోచిన మాట పెట్టేసే బుద్ధి మాన్పించేడు. ఎక్కువగా వాడే మాటలకి పెద్ద పెద్ద బటన్లు కట్టేడు. 'మంచినీళ్ళు', 'తిన్నారా', 'వస్తానండి'.

"కామా పెడితే ఊపిరి తీసుకుంటుంది రత్నం," అన్నాడు, తనే కనిపెట్టినంత సంబరంగా. "చుక్క పెడితే ఇంకాస్త ఆగుతుంది. రెండు చుక్కలు పెట్టి చూడు, ఆలోచిస్తున్నట్టుంటుంది."

ఆ ఒక్కటీ ఆమెకి నచ్చింది. ఊపిరి ఎక్కడ తియ్యాలో తెలిసిన మనిషి ఆమె. చర్చిలో పాట ఎత్తితే వెనక వరస దాకా ఎవరెక్కడ ఊపిరి తియ్యాలో ఆమె గొంతే చెప్పేది.

ఔననడానికి అనే 'ఆయ్' దగ్గర మాత్రం చిక్కొచ్చింది. 'ఆయ్' అని రాస్తే ఎవరో కాలు తొక్కినట్టు పలికింది మూడో గొంతు. యాకోబు 'ఆయి' అని రాసి చూసేడు. 'ఆఅయ్' అని చూసేడు. వీధిలో పోయే వాళ్ళు ఆగి చూసేరు. చివరికి ఎలాగో, కాస్త మన వైపు మనిషిలాగే, అది ఆయ్ అంది.

అప్పుడే గేటు తీసుకుని శారోన్ వచ్చింది. కాలవ గట్టు మీది బుజ్జమ్మ చిన్న కూతురు. మొగుడు కతర్‌లో ఉంటే తల్లిని చూసుకుంటూ ఇక్కడే ఉంటోంది. కూర్చోమన్నా కూర్చోకుండా స్తంభం పట్టుకుని నిలబడింది.

"పిన్నిగారూ, అమ్మకి బాగోలేదండి. అన్నం మానేసింది. రోజూ మీ పేరే అండి."

జీవరత్నం లేచి నిలబడింది. బుజ్జమ్మ అంగన్‌వాడీలో ఆమెకి ఆయాగా చేసింది. ఆమె పాఠం చెబుతుంటే బుజ్జమ్మ ఉగ్గు కలిపేది. ఆమె పాట పాడిస్తుంటే బుజ్జమ్మ ముక్కులు తుడిచేది. అలా గడిచిపోయేయి ఇద్దరి ఏళ్ళూ. షుగరొచ్చి బుజ్జమ్మకి కళ్ళు పోయేయి. ఆపరేషనయ్యి ఊరొచ్చేక జీవరత్నం రెండుసార్లు వెళ్ళింది వాళ్ళింటికి. వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, గుమ్మంలో కూర్చుని వచ్చేసింది. రెండోసారి అలికిడి విని లోపల్నించి బుజ్జమ్మ, "శారోన్, మేకొచ్చినట్టుందే, తోలు," అంది.

"మీతో ఒకటి చెప్పాలండి," అంది శారోన్, నేల చూస్తూ. "మీ ఆపరేషను నాటికి అమ్మ బాగా నీరసంగా ఉంది కదండి. మీ సంగతి తెలిస్తే తట్టుకోలేదని, మీరు హైదరాబాదు మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయేరని చెప్పేమండి. అన్నయ్యే ఫోనులో అలా చెప్పమన్నాడు. అమ్మేమో, చెప్పకుండా వెళ్ళింది, ఒక్క ఫోనన్నా చెయ్యలేదు అని, అదే బెంగండి."

జీవరత్నం టాబ్ తీసుకుంది. తొందరలో అక్షరం తప్పింది. చెరిపి మళ్ళీ కొట్టింది.

"నేను, ఊళ్ళోనే ఉన్నాను కదా."

"అవునండి. తప్పే అండి," అంది శారోన్.

ఇంకా చాలా అనాలనిపించింది ఆమెకి. నన్నడక్కుండా నన్ను ఊరు దాటించేసేరా అని. పలకరించని మనిషిగా నిలబెట్టేసేరా అని. ఇదివరకైతే ఆ మాటలు ఇప్పటికే వీధి చివరికి వినబడేవి. రాయడం మొదలెడితే సగంలో శారోన్ ఏడుపు మొదలైంది. ఏడుస్తున్న పిల్లకి ఆ కోపం చదివి వినిపించడానికి మనసు రాక చెరిపేసింది.

*

మర్నాడు రాగిజావ కాసి టిఫిను కారియర్‌లో పోసుకుని, టాబ్ గుడ్డసంచిలో పెట్టుకుని బయల్దేరింది. చెప్పాల్సినవన్నీ ముందే రాసి పెట్టుకుంది. కామాలు చూసుకుంది. యాకోబు గేటు దాకా వచ్చి, "సౌండు ఫుల్లుగా పెట్టేను. ఆవిడకి బాగా వినబడుద్ది," అన్నాడు.

వానొచ్చి వెలిసిన గట్టు. దింపు తీసిన కొబ్బరికాయలు బుజ్జమ్మ ఇంటి ముందు రాశిగా పోసి ఉన్నాయి. లోపల కిటికీ పక్కన మంచం. మంచం మీద బుజ్జమ్మ సగమైపోయింది.

"అమ్మా, ఎవరొచ్చేరో చెప్పు," అంది శారోన్. "జీవరత్నం పిన్నిగారు."

బుజ్జమ్మ మొహం అంతా విచ్చుకుంది. లేవబోయింది, లేవలేక పైట సర్దుకుంది. "వచ్చేవుటే? ఇప్పటికి తీరిందిటే నీకు? ఏం, మాట్లాడవే? చేసిందంతా చేసి మళ్ళీ నీకే కోపమా?"

జీవరత్నం మంచం పట్టె మీద కూర్చుని నొక్కింది.

"బుజ్జీ, నేనే. రత్నాన్ని."

బుజ్జమ్మ మొహం మెల్లిగా మూసుకుపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవరండీ మీరు?" అంది.

బుజ్జమ్మ నోట తనని అండీ అనడం జీవరత్నం పుట్టి బుద్ధెరిగి వినలేదు. గబగబా రెండో బటను నొక్కింది. రాత్రి కూర్చుని రాసుకున్నదంతా మూడో గొంతు చదువుకుంటూ పోయింది. నాకు గొంతులో జబ్బు చేసింది, ఆపరేషను చేసి గొంతు తీసేసేరు, ఇప్పుడు మాట రాదు, నేను రాస్తే టాబ్ చదువుతుంది, హైదరాబాదు వెళ్ళలేదు, ఊళ్ళోనే ఉన్నాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, చక్కగా, వార్తల్లా.

బుజ్జమ్మ కదలకుండా విన్నది. అంతా అయ్యేక, "గొంతు తీసేస్తే మనిషెలా బతుకుద్దండీ?" అంది.

జీవరత్నం ఆమె చెయ్యందుకుని తన మొహం మీద పెట్టుకుంది. బుగ్గ మీద, నుదుటి మీద, చిన్నప్పటి దెబ్బ మచ్చ మీద తిప్పింది. అన్నం వేడిగా ఉందో చల్లారిందో కూడా చెప్పలేని వేళ్ళవి. తిమ్మిరెక్కి ఎన్నాళ్ళో అయింది. ఎక్కడా ఆగకుండా జారిపోయేయి.

"అమ్మా, నిజంగా పిన్నిగారే," అంది శారోన్. "ఒట్టు."

"నువ్వు ఊరుకో. మీ అన్న వస్తున్నాడని ఎన్నిసార్లు ఒట్టేసేవు నాకు?" అని బుజ్జమ్మ కసిరింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అయితే రత్నం పోయిందన్నమాట."

"లేదమ్మా..."

"పోయింది. అందుకే కదే ఫోను లేదు. జబ్బు చేసి పోయింది. ఆ మాట నాతో చెప్పలేక ఈవిణ్ణెవరినో తీసుకొచ్చేవు. హైదరాబాదన్నావు, ఇప్పుడు గొంతు లేదంటున్నావు. రేపు మనిషి లేదంటావు." ఆమెకి ఎగశ్వాస వచ్చింది. తిమ్మిరి చేత్తో గుండె మీద కొట్టుకుంటోంది. దెబ్బ ఎంత గట్టిగా తగులుతోందో ఆ చేతికి తెలియడం లేదు. శారోన్ భయపడిపోయి రెండు చేతులూ పట్టుకుంది. "పిన్నిగారూ, ఏదోటి చెప్పండి. అమ్మకి ఆయాసం మంచిది కాదన్నారు డాక్టరు గారు."

జీవరత్నం తెర కేసి చూసింది. పక్కనే ఉన్నాననడానికి తన దగ్గరున్నదల్లా ఈ తెలియని మనిషి. ఈ మనిషి ఎంత చెబితే అంత అబద్ధంలా ఉంది. ఇక ఒక్కటే మాట మిగిలింది. అది రాసింది.

"లేదండి. జీవరత్నం గారు బాగున్నారండి. హైదరాబాదులో ఉన్నారు. మిమ్మల్ని చూసి రమ్మని, నన్ను పంపించేరండి."

బుజ్జమ్మ కొట్టుకోవడం ఆపింది. "ఉందా?"

"ఆఅయ్. ఉన్నారండి."

"మరి ఇందాక రత్నాన్ని అన్నారు?"

"మీకు ధైర్యంగా ఉంటుందని, అలా అన్నానండి. తప్పయింది. నా పేరు శాంతి."

శాంతి అన్న పేరు ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలియదు. వేలుకి దొరికింది. బుజ్జమ్మ తలగడ మీదకి వాలింది. చాలాసేపు ఊపిరి కుదురుకోలేదు. కుదురుకున్నాక, "బాగుంటే చాలండి," అంది. "రాకపోతే పోయింది."

శారోన్ జావ గ్లాసులో పోసి తల్లి నోటికందించింది. నాలుగు గుక్కలు తాగి, "ఇది రత్నం కాసినట్టుంది," అంది బుజ్జమ్మ. "ఆవిడే నేర్పిందా మీకు?"

జీవరత్నం ఆయ్ నొక్కింది.

*

"గుర్తుపట్టేరా?" అనడిగేడు యాకోబు, ఆమె చెప్పులు విప్పకుండానే.

ఆమె సంచిలోంచి టాబ్ తీసి ఇచ్చి, స్పీడు ఇంకాస్త తగ్గించమని సైగ చేసింది. చెయ్యడానికి పని దొరికినందుకు ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయేడు. సాయంత్రం కూర తరుగుతూ జరిగింది రాసి చూపించింది. వినిపించలేదు, చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివేడు.

"ఇక వెళ్ళకు రత్నం," అన్నాడు.

ఆమె కత్తిపీట మీంచి లేవకుండానే, రేపూ వెళ్తానన్నట్టు తలూపింది.

వెళ్ళింది. ఆ మర్నాడూ, ఆ పై నాడూ. వెళ్ళినప్పుడల్లా శాంతిగానే వెళ్ళింది. శారోన్ పక్కన ఉంటే ఆమెకి కష్టంగా ఉండేది. ఆ పిల్ల చూపు ఒకసారి టాబ్ మీద, ఒకసారి తన మొహం మీద పడుతుంటే రాయడం సాగేది కాదు. అది కనిపెట్టి శారోన్ గుమ్మం బయట కొబ్బరాకులు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చునేది.

బుజ్జమ్మ ముందు అండీ అంది, తర్వాత అమ్మా అంది, మూడో నాటికి నువ్వు అంది.

"నిన్నొకటి అడుగుతాను, ఏం అనుకోకు. రత్నం అక్కడ ఏం చేస్తుంది రోజంతా?"

"మనవల్ని చూసుకుంటారండి."

"పాడుతుందా?"

కిటికీ అవతల తడిసిన కొబ్బరాకు నేల మీద పడిన చప్పుడయింది.

"తక్కువండి," అంది మూడో గొంతు.

ఓ రోజు మాటల మధ్యలో టాబ్ తనంతట తనే, అదే గొంతుతో, "శక్తి తక్కువగా ఉంది," అంది. చార్జింగు తగ్గితే నోటితో చెప్పేలా పెట్టింది యాకోబే. అదో వీడియోలో చిట్కా. జీవరత్నం కంగారుగా సౌండు తగ్గించబోయింది. బుజ్జమ్మ తల తిప్పింది.

"ఏంటమ్మా? నీరసంగా ఉందా? పొద్దున్న తిన్నావా అసలు? శారోన్, ఈ పిల్లకి అన్నం పెట్టవే. ఊరు కాని ఊరొచ్చింది."

శారోన్ కళ్ళు తుడుచుకుంటూ కంచంలో అన్నం, పులస కాదు గానీ ఏదో కాలవ చేప పులుసు, పెట్టి తెచ్చింది. బుజ్జమ్మ వింటూనే ఉంటుందని జీవరత్నం కంచం చప్పుడయ్యేలా కలుపుకుని తిన్నది. ఆ ఇంట్లో ఆమె ఎన్ని వందలసార్లు తిన్నదో. అతిథిగా తినడం అదే మొదలు. "ఇంకాస్త వెయ్యవే, మొహమాటపడుద్ది," అంటోంది బుజ్జమ్మ.

అయితే ఆమెని ఎక్కువ బాధపెట్టింది ఇవేవీ కావు. బుజ్జమ్మ శాంతితో చెప్పుకోవడం మొదలెట్టింది. పెళ్ళయిన కొత్తలో పోయిన పిల్లాడి సంగతి. కొడుకు ఫోను పెట్టేసేక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చోవడం. కళ్ళు పోయిన మొదటి రోజుల్లో పగలో రాత్రో తెలియక కోళ్ళ గంప మూసేందుకు మిట్టమధ్యాహ్నం లేచి వెళ్ళడం. ఒక్కటీ జీవరత్నానికి తెలియదు. ఒకే గదిలో అన్నేళ్ళు ఉగ్గూ పాఠమూ పంచుకున్న మనిషికి తెలియదు.

"ఇవన్నీ, జీవరత్నం గారితో చెప్పలేదాండి?" అని రాసింది ఉండబట్టలేక.

బుజ్జమ్మ నవ్వింది. "దానితోనా? దానితో సగం చెప్పేలోపే ప్రార్థన మొదలెట్టేసుద్ది. మంచి మనిషే. కానీ ఆగదు. నువ్వు ఆగుతావు. నేను మాట చెప్పేక కాసేపు ఊరుకుని అప్పుడంటావు ఏదన్నా. అలా ఊరుకునే వాళ్ళు లేరమ్మా లోకంలో."

అక్షరాలు కొట్టడానికి పట్టే సేపది. ఆ సేపు బుజ్జమ్మకి దయలా వినబడింది.

ఆ రోజు ఇంటికొచ్చి జీవరత్నం టాబ్‌ని బీరువా మీద పెట్టేసింది. యాకోబు కొత్తగా నేర్చుకున్నదేదో చూపిస్తానంటే వద్దని చెయ్యి ఊపింది. తను పుట్టించిన మనిషి మీద తనకే కుళ్ళు పుట్టిందని ఎవరితో చెబుతుంది? ఏ గొంతుతో చెబుతుంది? పలక మీద రాయాలనుకుంది. సుద్దముక్క కనబడలేదు.

*

బుజ్జమ్మకి కాళ్ళకి నీరొచ్చింది. డాక్టరు గారు వచ్చి చూసి, మందులు మార్చేరు గానీ మాటేం ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం జీవరత్నం వెళ్ళేసరికి శారోన్ తల్లికి ఒళ్ళు తుడిచి జుట్టు దువ్వుతోంది. ఆమెని చూసి లేచి గుమ్మంలో ఈనెల దగ్గరికి పోయింది.

"శాంతీ," అంది బుజ్జమ్మ అడుగుల చప్పుడుకే. "ప్రార్థన చెయ్యడం వచ్చా నీకు?"

"వచ్చండి."

"చెయ్యి మరి."

జీవరత్నం చాలాసేపు రాసింది. బుజ్జమ్మ ఓపిగ్గా కళ్ళు మూసుకుని ఉంది. పోయిన ఆ కళ్ళని ప్రార్థనకని ప్రత్యేకంగా మూసుకుంది. రాసినదాన్ని మూడో గొంతు చదవడం మొదలెట్టింది. పరలోకమందున్న తండ్రీ, నీ బిడ్డ బుజ్జమ్మని నీ చేతుల్లో పెడుతున్నాము, ఆమె బాధని తగ్గించు, ఆమె పిల్లల్ని...

"అలా కాదు," అంది బుజ్జమ్మ.

జీవరత్నం ఆపింది.

"తప్పులేదు, బాగానే చేస్తున్నావు. రత్నం అయితే అలా చెయ్యదు. అది ముందు దేవుణ్ణి కూర్చోమంటుంది. పిల్లల్ని కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ అలవాటు దానికి. నిలబడి వినకు తండ్రీ, తొందరేం లేదు, కూర్చో అంటుంది. కూర్చున్నాడని నమ్మకం కుదిరేకే మిగతాది."

తను అలా అంటుందని జీవరత్నానికే తెలియదు. తెర మీద ఉన్నది చెరిపేసి, ఆమె చెప్పినట్టు రాయబోయింది. రాసేలోపు బుజ్జమ్మ మొదలెట్టేసింది.

"నిలబడి వినకు తండ్రీ. తొందరేం లేదు. కూర్చో."

అది బుజ్జమ్మ గొంతు కాదు. ఎత్తు కాస్త పెరిగింది. 'తండ్రీ' అన్నచోట సాగింది, 'కూర్చో' దగ్గర మెత్తబడింది. గుమ్మంలో శారోన్ చేతిలో ఈనె ఆగిపోయింది. అది తన గొంతని జీవరత్నం పోల్చుకుంది. కాకినాడ ఆసుపత్రిలో మత్తు ఇచ్చే ముందు తను ఆఖరుసారి అన్న మాట తర్వాత, ఆ గొంతు లోకంలో ఎక్కడా ఆమెకి వినబడలేదు. ఇప్పుడు ఈ మంచం మీంచి వస్తోంది. ఆగే చోటల్లా ఆగుతోంది. ఊపిరి తియ్యాల్సిన చోట తీస్తోంది.

ప్రార్థన సగంలో బుజ్జమ్మకి ఓపిక చాలలేదు. కాసేపు పడుకుని, "పాట చెప్పనా?" అంది.

"చెప్పండి."

"పై స్వరం ఎత్తినప్పుడు దాని గొంతు చీలేది. చిన్న చీలిక. వెదురు చీల్చినట్టు. ఎవరూ చెప్పలేదు దానితో, నేనూ చెప్పలేదు. అంత బాగా పాడే మనిషితో చెబితే బాగోదు కదా. దానికి తెలియదు పాపం. నేను ముందు వరసలో ఎందుక్కూర్చునేదాన్నో తెలుసా? ఆ చీలిక కోసం. అక్కడికొచ్చేసరికి నాకు మా రత్నం దొరికేసేది. మిగతా పాటంతా ఊరందరిదీ."

మాటల్లేకుండా, సన్నగా, రాగం ఒక్కటే తీసింది. పైకి వెళ్ళింది. పైన, వెంట్రుకవాసి మేర, చీలింది.

జీవరత్నం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. ఆమె ఏడిస్తే చప్పుడుండదు, మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతుంది, గాలి బుసకొట్టినట్టవుతుంది. ఆ గాలి చప్పుడు విని బుజ్జమ్మ, "వానొస్తోందా?" అంది.

తెర వెలుగుతూనే ఉంది. చెప్పాల్సిన మాట ఒకటే. నేనే బుజ్జీ. రాసింది కూడా. నొక్కడానికి వేలు పెట్టింది. మొదటి రోజు ఆయాసం, గుండె మీద పడిన ఆ దెబ్బలు గుర్తొచ్చేయి. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపింది.

"ఆఅయ్. వానేనండి," అంది మూడో గొంతు.

"దానితో చెప్పు," అంది బుజ్జమ్మ, నిద్ర ముంచుకొస్తుంటే. "నాకు కోపం లేదని చెప్పు. రావద్దను. ఇంత దూరం వానలో ఎందుకు."

*

తెల్లవారి ఆదివారం. చర్చి మైకు ఇంకా మొదలవలేదు. శారోన్ గేటు దగ్గర నిలబడి ఉంది. జుట్టు విడిపోయి ఉంది. పిలవలేదు. యాకోబే చూసి లోపలికొచ్చి, "రత్నం," అన్నాడు. ఆమె పొయ్యి కట్టేసి చెయ్యి తుడుచుకుంది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

గట్టు మీద నడుస్తుంటే శారోన్ చెప్పింది.

"తెల్లారగట్ట తెలివొచ్చిందండి. మంచినీళ్ళడిగింది. ఇచ్చేను. తాగి..." ఆ పిల్ల ఆగింది. "పిన్నిగారూ, మీకెలా చెప్పాలో తెలియడం లేదు. చెప్పకపోతే మళ్ళీ మేం మీ దగ్గర ఇంకోటి దాచినట్టవుద్ది."

జీవరత్నం చెప్పమన్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"మీ పేరు ఎత్తలేదండి. అన్నయ్య పేరూ ఎత్తలేదు. శాంతి వచ్చిందా అనడిగిందండి. రెండుసార్లడిగింది."

జీవరత్నం నడుస్తూనే ఉంది. కాలవలో నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. రత్నం అన్న పేరు ఆఖరికి ఆ నోట రాలేదు. వచ్చింది ఇంకెవరి పేరో. ఆ ఇంకెవరి చెయ్యో బుజ్జమ్మ కోసం రోజూ జావ కాసింది, మాటకి ముందు ఆగింది. ఆ చేతులకేసి చూసుకుంది. సంచి లేదు. టాబ్ తేవడం మర్చిపోయింది. శారోన్ వైపు తిరిగి, పెదాలు కదిపి అడిగింది. ఏమన్నావు?

శారోన్‌కి అర్థమయింది.

"దారిలో ఉందమ్మా, వచ్చేస్తోంది అన్నానండి. సరే అయితే నే కాసేపు పడుకుంటా, వచ్చేక లేపవే అంది."

ఇంటి ముందు కొబ్బరికాయల రాశి పక్కకి నెట్టి కుర్చీలు వేసేరు. చర్చి అయ్యగారు వచ్చి ఉన్నారు. లోపల ఆడవాళ్ళు గోడ వారగా కూర్చుని ఏడుస్తున్నారు. ఆమెని చూసి దారిచ్చేరు. జీవరత్నం మంచం పట్టె మీద, ఇన్ని రోజులూ కూర్చున్న చోటే కూర్చుంది. బుజ్జమ్మ పక్కకి ఒత్తిగిలి, చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని ఉంది. ఇంకా ఎవరూ సరిచెయ్యలేదు.

ఆమె వంగి బుజ్జమ్మ భుజం మీద చెయ్యి వేసింది. పిల్లల్ని మధ్యాహ్నం నిద్ర లేపినట్టు మెల్లిగా కదిపింది. కాసేపు ఆగి, ఇంకోసారి కదిపింది.

గోడ వారనున్న వాళ్ళు ఏడుపాపి చూసేరు.